స్వతంత్ర ధ్రువపత్రం ఒకటో నెంబరు

అనుమతి లేకుండా స్వతంత్రంగా ఉన్నందుకు ఒక మనిషికి నోటీసు పంపిన కార్యాలయం మాది. దీని గురించి బయట నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వేవాళ్ళు ఏ కాగితాన్నీ చివరిదాకా చదవరు. ఆ నోటీసు మొత్తం చదివితే అందులో ఒక్క అక్షరం తప్పుపట్టలేరు. అది రాసింది నేనే.

నా పేరు భానోజీరావు. స్వతంత్ర సంగీత సంచాలకుల కార్యాలయంలో సూపరింటెండెంటుని. అంతకుముందు ఇరవై రెండేళ్ళు తూనికలు, కొలతల శాఖలో పనిచేశాను. ఆ శాఖను వేరే భవనంలోకి మార్చినప్పుడు నన్నూ, బీరువాలనీ, కొన్ని కిలో రాళ్ళనీ ఇక్కడే వదిలేసి వెళ్ళారు. తర్వాత ఈ బోర్డు కట్టారు. ఫ్యాను గాలికి ఫైళ్ళు ఎగిరిపోకుండా వాటి మీద ఆ రాళ్ళే పెడుతున్నాం. రెండు కిలోల కంటే తక్కువ రాయి పెట్టిన ఫైలు మా దగ్గర కదలదని ఎవరో రాశారు. అది అబద్ధం. ఎంత బరువు పెట్టినా కదలనివీ ఉన్నాయి.

మా కార్యాలయం ఎలా పుట్టిందో చెప్పాలి. ఈ మధ్య పాటలు పాడేవాళ్ళు కంపెనీల గుమ్మం తొక్కడం మానేశారు. మేడ మీద గదిలోనో, గొడ్లపాకలోనో పాడుకుని, తామే బొమ్మ వేసుకుని, తామే ఇంటర్నెట్‌లో పెట్టేస్తున్నారు. దానికి ఆల్బమ్ అని పేరు. ఒక పెద్దాయన ఏదో సభలో ఈ సంగతి విని ముచ్చటపడ్డారు. ముచ్చటపడి ఊరుకుంటే పోయేది. "వీళ్ళు స్వతంత్రులు, సంతోషం. మరి వీళ్ళ స్వతంత్రానికి బాధ్యులెవరు?" అని అడిగారు. సభలో ఎవరికీ జవాబు తోచలేదు. జవాబు తోచని ప్రశ్నకు శాఖ పెట్టడం ఆనవాయితీ. నాలుగు నెలల్లో నియమావళి అచ్చయి వచ్చింది.

నియమావళి సారాంశం ఇంతే. కంపెనీ లేకుండా పాట విడుదల చేసే ప్రతి కళాకారుడూ ముందుగా మా దగ్గర స్వతంత్ర ధ్రువపత్రం తీసుకోవాలి. పాలు కల్తీ అవుతున్నాయి, నూనె కల్తీ అవుతోంది, స్వతంత్రం మాత్రం కల్తీ కాదని నమ్మకమేమిటి? తూనికల శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ వాదన నాకు సబబుగానే తోచింది.

సంచాలకులు డాక్టర్ వనమాలి పాత్రో గారు. మత్స్యశాఖ నుంచి వచ్చారు. మొదటి రోజే సిబ్బంది అందరినీ, అంటే నన్నూ అటెండర్నీ, పిలిచి అరగంట ఉపన్యసించారు. స్వతంత్రం చేపపిల్లలాంటిదనీ, విధానపరమైన చెరువులో, శాస్త్రీయమైన మేత వేస్తేనే ఎదుగుతుందనీ, ఏట్లో వదిలేస్తే కొట్టుకుపోతుందనీ వివరించారు. అటెండరు చప్పట్లు కొట్టాడు.

ఆరు నెలలు గడిచినా ఒక్క దరఖాస్తూ రాలేదు. వార్షిక సమీక్ష దగ్గర పడుతోంది. సంచాలకులు గారికి నిద్ర పట్టడం లేదు. "భానోజీ, రాష్ట్రంలో స్వతంత్రులు లేరంటే ఎవరైనా నమ్ముతారా? వెతుకు" అన్నారు. నేను మూడు రోజులు ఇంటర్నెట్‌లో వెతికాను. నాలుగో రోజు నీలాటివలస అనే ఊరినుంచి పెట్టిన ఊడ్పు పాట ఒకటి దొరికింది. ఆడవాళ్ళు మడిలో వంగి నారు నాటుతూ పాడే పాట. నాలుగు నిమిషాలుంది. కింద పదకొండు పేర్లు వరసగా రాసి ఉన్నాయి. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేరం కళ్ళెదుటే ఉంది.

"తాము ఈ కార్యాలయపు పూర్వానుమతి లేకుండా స్వతంత్రముగా ఉన్నట్లు మా దృష్టికి వచ్చినందున, పదిహేను దినములలోగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలసినది" అని నోటీసు పంపాను. ఇచ్చుకోకపోతే పాటని ఇంటర్నెట్‌లోంచి తీయించడానికీ, పాట రికార్డు చేసిన ఫోను స్వాధీనం చేసుకోవడానికీ మాకు అధికారముంది. అదీ రాశాను.

పన్నెండో రోజున ఆవిడ వచ్చింది. పేరు అసిరితల్లి. యాభై దాటి ఉంటాయి. ఊడ్పు జట్టుకి పెద్ద, అంటే పాట ఎత్తుకునే మనిషి. నోటీసుని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది. ఫోను మాత్రం చేతి సంచిలో అడుగున, టిఫిన్ డబ్బా కింద దాచింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తన తప్పేమిటో చెప్పమంది. స్వతంత్రంగా ఉండడం తప్పు కాదనీ, చెప్పకుండా ఉండడమే తప్పనీ నేను ఓపికగా విడమరిచాను. ఆవిడ ఓపికగానే వింది. అర్థమైందని మాత్రం అనలేదు.

అప్పుడు తన సంగతి చెప్పుకొచ్చింది. వాళ్ళ పక్క ఊళ్ళలోకి నాట్ల మిషను వచ్చేసింది. జట్టుని పిలిచేవాళ్ళు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నారు. అందుకని రెండేళ్ళ కిందట గట్టు మీద వెదురుబొంగు పాతి, దానికి ఫోను కట్టి, నాట్లు వేస్తూనే పద్నాలుగు పాటలు పట్టింది. సంగతి తెలిసి పట్నంనుంచి ఓ కంపెనీ మనిషి కారులో వచ్చాడు. అన్నీ తామే చూసుకుంటామన్నాడు. పేర్లు ఎక్కడ వస్తాయని ఈవిడ అడిగితే, పేర్లెందుకమ్మా, జానపద బృందం అని వేస్తాం అన్నాడు. అతన్ని పంపేసి, ఎలా పెట్టాలో నేర్చుకుని తనే ఒక పాట పెట్టింది. మిగతా పదమూడూ పెట్టేలోగా నా నోటీసు వెళ్ళింది.

"పదకొండు మందివి బాబూ, పదకొండు పేర్లూ ఉండాల. బురుందం అంటే ఎవులు? మా గవరమ్మ పోయిన కార్తీకంలో పోయింది. రేసను కార్డులోంచి దాని పేరు తీసీసినారు. ఓటర్ల లిస్టులోంచి తీసీసినారు. దాని గొంతు ఈ పోన్లోనే ఉన్నాది. దీన్లోంచి మాత్రం తియ్యకండి" అంది.

నాకు జాలి వేసింది. జాలి వేసింది కాబట్టే దరఖాస్తు ఫారం నేనే నింపాను. ఇరవై మూడు గడులున్నాయి. ముందు కాగితం చేతికి రానివ్వండి, పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు అని సలహా కూడా ఇచ్చాను. ఏ ఆఫీసులోనైనా, ఎవరికైనా ఇచ్చే సలహాయే అది. దానివల్ల బాగుపడినవాళ్ళని నేను చూడలేదు. అయినా మంచి సలహా అనే ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి మెట్టు, ఆవిడ ఏ కంపెనీకీ చెందదని రుజువు. ఆ రుజువు కంపెనీలే ఇవ్వాలి. పద్దెనిమిది కంపెనీలకు ఉత్తరాలు రాశాం. మా కళాకారిణి అయితే గానీ మేము ఆమెకు ఏ పత్రమూ ఇవ్వలేమని పదిహేడు కంపెనీలు జవాబిచ్చాయి. పద్దెనిమిదో కంపెనీ మాత్రం, ముందు మాతో ఒప్పందం రాసుకుంటే వెంటనే దాన్ని రద్దుచేసి, ఆమె మాది కాదని సంతోషంగా ధ్రువీకరిస్తామంది. ఈ జవాబులో నిర్మాణాత్మక దృక్పథం కనిపిస్తోందని సంచాలకులు గారు మెచ్చుకున్నారు. చివరికి పదిహేడు నిరాకరణలనీ కలిపి కుట్టి, అదే రుజువుగా స్వీకరించారు. పని మొదలైన నెలకే ఒక మెట్టు ఎక్కామంటే మా కార్యాలయానికి అది రికార్డు.

రెండో మెట్టు నిపుణుల సంఘం. సంఘంలో ఉన్నది ఒక్కరే, ఆచార్య వైకుంఠం గారు. నియమావళిలో "స్వతంత్రమనగా ఇతరులపై ఏ విధముగానూ ఆధారపడకుండుట" అన్న నిర్వచనం రాసింది ఆయనే. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఊడ్పు పాట తొమ్మిదిసార్లు విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, ఇందులో ఒకరి కంటే ఎక్కువ గొంతులున్నాయి అన్నారు.

"దరఖాస్తుదారు ఒకరు. గొంతులు పదకొండు. అంటే పది మేరకు పరాధీనత ఉంది" అని లెక్క తేల్చారు.

మిగతా పదిమందీ విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చా అని నేనడిగాను. పెట్టుకోవచ్చట. అయితే పదకొండుగురూ విడివిడిగా స్వతంత్రులయ్యాక కలిసి పాడితే పదకొండు ధ్రువపత్రాలూ ఒకేసారి రద్దవుతాయట. పైగా గవరమ్మ సంతకం గెజిటెడ్ అధికారి ఎదుట పెట్టాలి. ఆమె చనిపోయిందని మనవి చేశాను. సంచాలకులు గారు కళ్ళద్దాలు తీసి కాసేపు ఆలోచించారు. "సూత్రప్రాయంగా చూస్తే మరణించినవారు ఎవరిమీదా ఆధారపడరు. ఆ మాటకొస్తే వాళ్ళే సంపూర్ణ స్వతంత్రులు. కానీ ఆమె దరఖాస్తు చేసుకోలేదే" అన్నారు విచారంగా.

కాబట్టి అసిరితల్లి ఒక్కర్తే మళ్ళీ పాడాలని నిర్ణయమైంది. ఈ సంగతి ఫోన్లో చెప్పాను. ఒక్కర్తే ఎలా పాడుతుందని అడిగింది. పాడకపోతే ఫోను స్వాధీనం చేసుకోవాల్సి వస్తుందని నియమం చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్న బస్సుకే వచ్చింది.

రికార్డింగు మా గదిలోనే పెట్టాం. ఫ్యాను ఆపేశాం. ఫైళ్ళమీద రాళ్ళు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఆవిడ గది మధ్యలో నిలబడి, కొంచెం నడుం వంచి, ఒక వరస పాడి ఆగింది. కాసేపటికి గాజులు గలుక్కుమన్నాయి, ఊపిరి పీల్చింది, ఇంకో వరస పాడి మళ్ళీ ఆగింది. మధ్యమధ్యలో ఎందుకు ఆగుతోందని ఆచార్యులు గారు అడిగారు. అక్కడ వాళ్ళు అందుకోవాలని చెప్పింది. వాళ్ళు లేరు కదా అన్నారాయన.

"లేరు బాబూ. లేకపోయినా ఊపిరి అక్కడే ఆగుతాది" అంది.

వంగి నాట్లు వేసేటప్పుడు పాట ఏకబిగిన పాడడం ఎవరి తరమూ కాదట. పెద్ద ఒక వరస పాడుతుంది. జట్టు అందుకున్నంతసేపూ ఆమె గుక్క తిప్పుకుని, చేతిలో నారు సర్దుకుని, అడుగు వెనక్కి వేస్తుంది. నాట్లు వెనక్కి నడుస్తూనే కదా వేస్తారు. ఈ అలవాటు ఆవిడ వంట్లో ఎంత జీర్ణించుకుపోయిందంటే, వరసకో అరడుగు చొప్పున వెనక్కి జరుగుతూ, మూడో పాటకల్లా వెళ్ళి బీరువాకి కొట్టుకుంది. ఆవిడని మళ్ళీ గది మధ్యకి తీసుకొచ్చాం. ఆరో పాటకి మళ్ళీ బీరువా. పద్నాలుగు పాటలూ అయ్యేసరికి సాయంత్రమైంది. సగం పాట, సగం నిశ్శబ్దం. అదే వచ్చింది.

ఆవిడ తెచ్చుకున్న చద్దన్నం డబ్బా మూత తీయకుండానే తిరిగి వెళ్ళిపోయింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఫైల్లో రాయదగిన విషయం కాదు కాబట్టి రాయలేదు.

ఇంతటితో సరిపోతుందని నేననుకున్నాను. ఆచార్యులు గారు పట్టినపట్టు వదిలే మనిషి కాదు. ఈ పాటల బాణీ ఎవరు నేర్పారని ప్రశ్న పంపారు. మా అత్త నేర్పింది, మా అత్తకి వాళ్ళ అత్త నేర్పింది అని జవాబు వచ్చింది. "వంశానుగత పరాధీనత" అని ఎర్ర సిరాతో రాశారు. పోనీ మాటలు ఎవరు కట్టారన్నారు. ఎవరు కట్టారో తెలియదంది. "అజ్ఞాత పరాధీనత" అని ఇంకోటి రాసి, మొదటిదానికంటే ఇది ప్రమాదకరమని కింద గీత గీశారు. బాణీ పరాధీనం, మాట పరాధీనం. రెండూ తీసేస్తే అసిరితల్లి పాడిన వరసలు పోయాయి. మధ్యలో ఆగిన ఖాళీలు మిగిలాయి.

ఆ ఖాళీలన్నీ వరసగా కలిపితే ముప్ఫై ఒక్క నిమిషాలు వచ్చాయి. ఆచార్యులు గారు కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. సంచాలకులు గారూ విన్నారు. అటెండరు టీ తెచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇదయ్యా స్వతంత్ర సంగీతమంటే. ఇందులో ఎవరి ప్రమేయమూ లేదు" అన్నారు ఆచార్యులు గారు.

చిన్న చిక్కు మిగిలింది. ఖాళీల మధ్య గాజుల చప్పుడూ ఊపిరి చప్పుడూ వినిపిస్తున్నాయి. గాజులు తిరునాళ్ళలో తన కూలి డబ్బుతోనే కొనుక్కుందని వాంగ్మూలం తీసుకున్నాం. ఊపిరి విషయంలో రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. గాలిమీద ఆధారపడడం కూడా ఆధారపడడమే కదా అని ఆచార్యులు గారి సందేహం. గాలి ప్రజల ఉమ్మడి ఆస్తి గనక దాన్ని ప్రభుత్వ ప్రోత్సాహకంగా పరిగణించవచ్చని సంచాలకులు గారు ఉన్నతస్థాయిలో వివరణ తెచ్చుకున్నారు. దాంతో ఒకటో నెంబరు ధ్రువపత్రం తయారైంది. రిజిస్టరులో నెంబరు వేసింది నేనే.

ఆల్బమ్ ముఖచిత్రం ఎలా ఉండాలన్న చర్చ మాత్రం సాఫీగా సాగింది. పైన పెద్దాయన ఫోటో, ఎడమవైపు సంచాలకులు గారు, కుడివైపు ఆచార్యులు గారు, కింద సన్నటి అక్షరాల్లో అసిరితల్లి పేరు. మిగతా పదిమంది పేర్లూ వేస్తే నిర్వచనానికి భంగమని తేల్చేశారు. ముందు కాగితం రానివ్వండి అన్న నా సలహా అక్కడితో చెల్లిపోయింది. ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది. సభకి జట్టుని తీసుకురావచ్చా అని మాత్రం అడిగింది. ప్రేక్షకులుగా రావచ్చన్నాను. ప్రేక్షకుల మీద నిషేధమేదీ నియమావళిలో లేదు.

ఆవిష్కరణ సభ టౌన్ హాల్లో జరిగింది. కళాకారులు ప్రేక్షకుల మెప్పు మీద ఆధారపడకూడదు కాబట్టి చప్పట్లు కొట్టవద్దని గోడలకు కాగితాలు అంటించాం. ముందు వరసల్లో అధికారులూ, వాళ్ళ కుటుంబాలూ. చివరి వరసలో అసిరితల్లి జట్టు, తొమ్మిదిమంది, ఒకే రంగు చీరలు కాకపోయినా ఒకేలా కొంగు బిగించుకుని కూర్చున్నారు. అసిరితల్లిని వేదిక మీద ఒక పక్కగా కూర్చోబెట్టారు. మైకు దగ్గరికి రావద్దని ముందే చెప్పాం, మైకు ఇంకొకరిది.

సంచాలకులు గారు స్వతంత్రం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆచార్యులు గారు ఇరవై నిమిషాలు. ఆపైన ఆల్బమ్ వేయమన్నారు. స్పీకర్లలోంచి నిశ్శబ్దం వచ్చింది. ముందు వరసలో అందరూ తలలు వంచుకున్నారు. సంతాప సభ అనుకుని ఒకాయన లేచి నిలబడ్డాడు కూడా.

స్పీకర్లో గాజులు గలుక్కుమన్నాయి. ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

"పారమ్మా..." అని చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. జట్టులో ఒకావిడ, పారమ్మే, కూర్చున్నచోటునుంచే, తన పేరు తానే పాడుకుంటోంది. ఆ పాట సంగతి నాకు తర్వాత తెలిసింది. పెద్ద ఒక్కొక్క వరసలోనూ పక్కన నాటుతున్నది ఎవరే అని అడుగుతుంది. మడిలో ఉన్నవాళ్ళు వరస ప్రకారం తమ పేరు పాడి అందుకుంటారు. పొద్దుటి మంచులో ఒకరికొకరు కనబడని రోజుల్లో పుట్టిన పద్ధతట. అసిరితల్లి అడిగిన వరసలన్నీ మేం కోసేశాం. పేర్లు రావాల్సిన ఖాళీలు మాత్రం కొలతేసినట్టు అలాగే ఉంచాం. ఇరవై రెండేళ్ళు తూనికల శాఖలో పనిచేసిన నా కళ్ళముందే అది జరిగింది.

గాజులు, ఊపిరి. "ఎర్నమ్మా..." అని రెండో గొంతు. గాజులు, ఊపిరి. నూకాలు, కన్నమ్మ, అప్పయ్యమ్మ, ఒకరి తర్వాత ఒకరు. గట్టిగా పాడలేదు, మడిలో పక్కవాళ్ళకు వినబడేంతగానే పాడారు. ఆరో ఖాళీ వచ్చింది. ఎవరూ పాడలేదు. ఆ ఖాళీ గవరమ్మది. హాలంతా ఆ పేరు కోసం ఎదురుచూసింది, ఆమె ఎవరో తెలియనివాళ్ళతో సహా. వేదిక మీద అసిరితల్లి లేచి నిలబడింది. ఖాళీ ఇంకా అయిపోకముందే తొమ్మిదిమందీ ఒక్కసారి "గవరమ్మా..." అన్నారు. ముందు వరసలో ఎవరి భార్యో ఏడ్చింది. గోడలకు అంటించిన కాగితాల కిందే జనం చప్పట్లు కొట్టారు.

సంచాలకులు గారు అప్పటికి ధ్రువపత్రం ఫ్రేము చేతుల్లో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆచార్యులు గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన మైకు దగ్గరికెళ్ళి, ఆల్బమ్ తొమ్మిదిమంది మీద బహిరంగంగా ఆధారపడినట్లు ప్రత్యక్ష సాక్ష్యం లభించినందున సదరు ధ్రువపత్రాన్ని తక్షణమే రద్దు పరుస్తున్నట్లు ప్రకటించారు. ఇవ్వని పత్రాన్ని ఎలా రద్దు చేస్తారని ఒక విలేకరి అడిగాడు. రిజిస్టరులో నెంబరు పడింది గనక చేయవచ్చని నేను లేచి చెప్పాల్సి వచ్చింది.

రద్దు ఉత్తర్వు రాసే పని నాకే పడింది. పదిహేడో నియమం ప్రకారం, పరాధీనత రుజువైనప్పుడు ఎవరెవరి మీద ఆధారపడ్డారో వారందరి పేర్లూ, ఊరుతో సహా ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి. దాన్ని కార్యాలయం వెబ్‌సైటులో పెట్టాలి, గెజిట్‌లో అచ్చు వేయించాలి, నకలు శాశ్వత దస్త్రంగా భద్రపరచాలి. మా నియమావళిలో శాశ్వతం అన్న మాట ఒక్క ఆ నియమంలోనే ఉంది. మోసగాళ్ళను సమాజం ఎప్పటికీ గుర్తుపెట్టుకోవాలని ఆచార్యులు గారే పట్టుబట్టి పెట్టించారట.

తొమ్మిది పేర్లు రాశాను. గవరమ్మ పేరు రాయాలా వద్దా అని ఫైలు పైకి పంపాను. తొమ్మిదిమందీ ఒకేసారి ఆమె మీద ఆధారపడ్డారు కాబట్టి అందరిలోకీ తీవ్రమైన పరాధీనత ఆమె విషయంలోనే ఉందనీ, తప్పక రాయాలనీ ఆచార్యులు గారు అభిప్రాయపడ్డారు. రాశాను. పాటలో ఆమె వంతు ఆరోది కాబట్టి ఆరో పేరుగానే రాసి, నివాసం అన్న గడిలో నీలాటివలస అనే పెట్టాను. కాదని ఎవరూ అనలేదు.

సోమవారం అసిరితల్లి వచ్చింది. ఉత్తర్వు నకలు కావాలంది. సీలు వేసి, సంతకం చేసి ఇచ్చాను. కళ్ళజోడు తెచ్చుకోలేదనీ, చదివి పెట్టమనీ అడిగింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. నేను చదివాను. "దరఖాస్తుదారు శ్రీమతి అసిరితల్లి ఈ క్రింద పేర్కొన్న పదిమందిపై సంపూర్ణముగా ఆధారపడియున్నారని, వారు లేనిదే ఆమె పాట లేదని ఈ కార్యాలయము నిర్ధారించడమైనది." ఆవిడ తల ఊపింది. తర్వాత పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఆరో పేరు దగ్గర నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆ పేరు మల్లీ ఒకపాలి సదవండి బాబూ."

మళ్ళీ చదివాను. మొత్తం పూర్తయ్యాక ఆవిడ కాగితం తీసుకుని, తాను ఇప్పుడు స్వతంత్రమా కాదా అని అడిగింది. ఉత్తర్వు ప్రకారం కాదన్నాను. స్వతంత్రం కానివాళ్ళ మీద మా కార్యాలయానికి ఏమైనా అధికారం ఉందా అంది. నియమావళి తిరగేశాను. మొదటి పేజీలో మొదటి వాక్యమే, ఇది స్వతంత్రులకు మాత్రమే వర్తించును అని ఉంది. లేదమ్మా అన్నాను.

ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టి, అడుగునుంచి ఫోను తీసింది. రద్దు ఉత్తర్వుని బల్ల మీద సాపుగా పరిచి, మూలలు లేవకుండా నా రాళ్ళే నాలుగు పెట్టి ఫోటో తీసింది. ఆల్బమ్‌కి ముఖచిత్రం అదే. పైన రాజముద్ర, మధ్యలో పది పేర్లు, కింద నా సంతకం. మడిలో పట్టిన పద్నాలుగు పాటలూ నా ఎదురుగానే ఒక్కొక్కటే ఎక్కించింది. నెట్ నెమ్మదిగా ఉండడంవల్ల గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను వేరే పని చేయలేదు. ఇద్దరం ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నాం.

ఇది జరిగి మూడు నెలలైంది. ఇప్పుడు మా కార్యాలయం ముందు క్యూ వీధి మలుపుదాకా ఉంటోంది. ఎవరికీ ధ్రువపత్రం అక్కర్లేదు, అందరికీ రద్దు ఉత్తర్వే కావాలి. అది రావాలంటే ముందు ధ్రువపత్రం పొందక తప్పదు కాబట్టి పని రెట్టింపైంది. ఇంత తక్కువ కాలంలో ఇంతమంది పరాధీనుల్ని గుర్తించిన శాఖ మరొకటి లేదని పైనుంచి సంచాలకులు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించుకున్నారు.

ఫారాలు నేనే నింపుతున్నాను. మీరు ఎవరిమీద ఆధారపడ్డారు అని అడగ్గానే మొదట అందరూ ఒకటి రెండు పేర్లు చెప్పి ఆగుతారు. కాస్త ఊరుకుంటే మిగతావి వస్తాయి. నిన్న వచ్చిన క్లారినెట్ ఆయన గురువు పేరు చెప్పి, చాలు రాసుకోండన్నాడు. నేను కలం ఎత్తకుండా కూర్చున్నాను. కాసేపటికి, తను సాధన చేస్తున్నంతకాలం గోడ అవతలనుంచి ఒక్కసారైనా విసుక్కోని పక్కింటావిడని తలుచుకున్నాడు. ఆవిడ పేరేమిటో తనకు తెలియదని అప్పుడు తెలిసింది. ఉండండి, అడిగి వస్తానని ఫారం నా దగ్గరే వదిలి, బస్సెక్కి ఊరికి వెళ్ళాడు.